అనకార్డిక్

ఈ పాపిష్టి నోటితో నానే సెప్పినాను. ఇంకెవరి మీద పడి ఏడవను?

పలాసలో జీడిపిక్కలు కొట్టడం నా పని. ఇరవై ఏళ్ళయినాది. పిక్క తొక్కలో జిడ్డు రసం తగిలితే సర్మం కాలిపోతాది. అందుకే సేతులకి ఆముదం రాసుకుని కూకుంటాం. అయినా నా వేళ్ళ మీద గీతలు ఎప్పుడో పోనాయి. పోతే పోనాయి, నా ముద్ర ఎవడిక్కావాల!

నా కూతురు ఇందు టెక్కలి కాలేజీలో కెమిస్ట్రీ సదివింది. ఓ సాయంత్రం పుస్తకం ఒళ్ళో ఎట్టుకుని, "అమ్మా, నిన్ను కాల్సీదాని పేరు తెలుసా? అనకార్డిక్ యాసిడ్" అన్నాది.

"దాని పేరు పాడుగాను! అంటే ఏటి?"

"జీడిది అని. గ్రీకు మాటల్లోంచి వొచ్చింది. కార్డియా అంటే గుండె. పిక్క గుండెలాగుంటాది కదా. ముందు ఆ పేరు నల్లజీడికుండేదట. దాని రసంతో బట్టలకి సెరగని గుర్తులెట్టీవోరు."

"బట్టల మీద గుర్తెడతాది, మన వేళ్ళ మీద గుర్తు తుడిసేత్తాదా? బాగుందే దీని నాయం!" అన్నాను. ఇద్దరం పడీపడీ నవ్వినాం.

తరవాత విశాఖపట్నంలో ల్యాబు ఉద్యోగానికి దరఖాస్తు ఎట్టింది. అప్పుడే వేలిముద్ర తీసుకున్నారు. పరీక్ష వారం ఉందనగా నాకు జొరమొచ్చింది. మానేత్తే నా పీట ఇంకోలికిచ్చేత్తారు. "నాల్రోజులు నా బదులు కూకోయే" అన్నాను. అలవాటు లేని పిల్ల. మొదట్రోజే వొచ్చి, "నూనెకి పిక్క జారిపోతందమ్మా" అన్నాది.

"అయితే తుడిసీసి కొట్టు" అన్నాను నాను. ఓలమ్మో, ఆ మాటకి నా నాలిక తెగిపడిపోలేదే!

పరీక్ష గేటు కాడ మిషను మీద వేలెట్టింది. పడలేదు. కడిగింది, తుడిసింది, మార్సి మార్సి ఎట్టింది. ముద్ర కలవకపోతే లోనికి పంపేది లేదన్నారు. "లోపల బోర్డు మీద నా హాల్ టికెట్ నంబరుందమ్మా, కనపడతంది" అని ఫోన్లో ఏడిసింది. ఆ ఉద్యోగాలు మళ్ళీ ఎప్పుడు పడతాయో దేవుడికే తెలవాల.

ఇంటికొచ్చినాక నన్ను తిట్టినా బాగుండును.

సోమారం నా పక్కనే పీటేసుకు కూకుంది. సేతులు కాలినాక ఆకులు పట్టుకున్నట్టు, ఆముదం గిన్నె దాని ముందుకి తోసినాను. "రాసుకో, నా తల్లీ."

గిన్నె ఇవతలకి తోసేసింది.

"వొద్దమ్మా. పిక్క జారిపోతాది" అని కొట్టడం మొదలెట్టింది.