బైపాస్ మీద అత్తా అల్లుడూ

బస్సు కార్మికులు సమ్మెకు దిగిన రోజునే అత్తగారిని ఆసుపత్రి నుంచి పంపించేశారు. భార్య అప్పటికే పుట్టింటికి వెళ్ళిపోయింది. అలిగి కాదు, బాగా ఆలోచించుకునే వెళ్ళింది. అయినా అత్తగారి కంటి ఆపరేషన్ అంతకుముందే ఖాయమైంది గనుక అల్లుడు దగ్గరుండి చేయించాడు. సమ్మె అయ్యేదాకా తన గదిలో ఉండమంటే ఆవిడ ససేమిరా అంది, తన ఊరికి వెళ్ళాల్సిందేనంది.

రాజధాని ఇళ్ళు పలచబడే చోట, బైపాస్ పక్కన, పంక్చర్ షాపు ముందు ఇద్దరూ నిలబడ్డారు. కార్లు ఆవిడ కంటి కట్టు చూసి నెమ్మదించేవి, పక్కన అతన్ని చూసి మళ్ళీ వేగం పుంజుకునేవి.

అతను లిఫ్టు మెకానిక్.

"ఊరందరి లిఫ్టులూ బాగుచేస్తారు. మనకొక్క లిఫ్టు దొరకట్లేదు," అంది ఆవిడ, నవ్వకుండానే. పెళ్ళయిన నాటి నుంచీ అతన్ని 'మీరు' అనే అంటుంది. అందులో గౌరవం కన్నా దూరమే ఎక్కువని అతనికి తెలుసు.

చివరికి ఒక కారు ఆగింది. వెనకంతా పెట్టెలు, ముందు ఒక్క సీటే ఖాళీ.

"మీరు వెళ్ళండత్తయ్యా. ఇంటికి ఫోన్ చేసి చెప్తాను."

ఆవిడ ఒంటికంటితో సీటు వైపు చూసింది, తర్వాత అతని వైపు. "వద్దు నాయనా, మేం ఇద్దరం," అని కారతనితో చెప్పి, తలుపు తనే మూసేసింది.

ఎండ నడినెత్తికొచ్చాక ఒక ఖాళీ లారీ ఆగింది. డ్రైవరు మాటల పుట్ట.

"మీ అబ్బాయా అమ్మా?"

"అవును," అంది అత్తగారు.

"పోలికే లేదే."

"వాళ్ళ నాన్న పోలిక." అని అల్లుడి వైపు తిరిగి, "ఆ అద్దం పైకెత్తరా, దుమ్ము పడుతోంది," అంది.

అతను అద్దం ఎత్తాడు.

"ఈ రోజుల్లో తల్లిని ఇలా చూసుకునే కొడుకులెక్కడమ్మా? కోడలు మంచిదేనా?"

"మంచిదే. కాస్త మొండి. అన్నీ నా పోలికే."

"కోడలికి మీ పోలికేంటమ్మా?"

ఆవిడ దగ్గింది. అల్లుడు ముఖం కిటికీ వైపు తిప్పుకున్నాడు. చాలా రోజుల తర్వాత అతనికి నవ్వొచ్చింది.

ఊరి మలుపులో లారీ ఆగింది. ఆవిడను చెయ్యిపట్టి దింపి, అతను వెనక్కి వెళ్ళే దారి వైపు చూశాడు.

"తను నన్ను రమ్మనలేదు కదత్తయ్యా."

"రమ్మనలేదు. ఉండమనీ అనదు. చుక్కల మందు వేళయింది. ఎలా వెయ్యాలో నర్సు నీకే చూపించింది. పద."

భార్య తలుపు తీసింది. ఇద్దరినీ చూసి పక్కకు జరిగింది. కిటికీ దగ్గర వెలుతురులోకి కుర్చీ లాగి, తల్లి తల వెనక్కి వంచి పట్టుకుంది. అతను చేతులు కడుక్కొచ్చి, కట్టు విప్పి మందు వేశాడు. మొదటి చుక్క చెంప మీద పడింది.

"మళ్ళీ వెయ్యి," అంది భార్య.

రెండోది కంట్లో పడింది. రోజుకెన్నిసార్లు వెయ్యాలో అతను చెప్పాడు, ఆమె శ్రద్ధగా విన్నది. విడిపోవడం మాట ఇద్దరూ ఎత్తలేదు. అది ఆ ఏడాదే, గొడవ లేకుండా జరిగిపోయింది. ఆ పూట మాత్రం ముగ్గురూ కలిసి భోంచేశారు.