కొంగు కింద విమానాలు

స్వామిదాసుది మాట పొదుపు. ఎల్లారెడ్డిల ఆయనను ఎరిగినోళ్లు నవ్వుకుంట ఒక మాట అంటరు: "స్వామిదాసుతోని ముచ్చటపెట్టుడు, ఎండిన బోరింగు కొట్టుడు ఒక్కటే. రెక్కలు గుంజుతయిగని చుక్క రాదు." నాగలి పట్టిన రోజులల్ల ఎడ్లతోని మాట్లాడేది. ఎడ్లు పోయి ట్రాక్టర్లొచ్చినంక ఆ నాలుగు మాటలు గూడ పోయినయి.

అసొంటి మనిషికి బిడ్డ ఫోన్ చేసి నోటితోని చేసే పని అప్పజెప్పింది.

"బాపూ, ఈ ఏడు పట్నంల విమానాల పండుగల నేను దుంకుతున్న. అమ్మను తోల్కరా. తోల్కచ్చుడే కాదు, అమ్మ తలెత్తి నన్ను చూడాలె. ఎట్ల చూపిస్తవో నాకు తెల్వది."

"ఊ," అన్నడు స్వామిదాసు.

ఎస్తేర్ వాళ్లకు లేక లేక పుట్టిన బిడ్డ. విమానాల మిలిటరీల కొలువు దొరికింది. అండ్ల గూడ ఊకుండక, ఈపుకు గొడుగు కట్టుకొని ఆకాశంలకెల్లి దుంకే జట్టుల చేరింది. పోయినేడు ట్రైనింగు అయిపోయిన దినం తల్లిదండ్రులను పిలిచి దుంకి చూపించిన్రు. తల్లి హన్మవ్వ కన్నార్పకుంట చూసింది. "అగో, నా బిడ్డ! దేవదూత దిగినట్టే దిగుతున్నది!" అని పక్కోళ్లందరికి చూపించింది. ఆ మాట ఇంక నోట్లనే ఉన్నది, కింద ఎస్తేర్ కాలు మడతపడి బొక్క విరిగింది.

బొక్క అతికింది. ఎస్తేర్ మళ్ల ఉరికింది, మళ్ల దుంకింది. హన్మవ్వ మనసే అతకలేదు. బీడీలు చుట్టుకుంట, చుట్టుకుంట చేతులాపి అనేది, "కన్నతల్లి దిష్టికి మించిన దిష్టి లేదు. నా కండ్లే తగిలినయి నా బిడ్డకు."

దిష్టి గిష్టి ఏం లేదు, ప్రార్థన చేసుకోమన్నడు చర్చిల పాస్టరయ్య.

"ఆయన బిడ్డ విమానంలకెల్లి దుంకినప్పుడు చెప్పుమను," అన్నది హన్మవ్వ.

స్వామిదాసు బిడ్డ ఫోన్ ముచ్చట చెప్పంగనే ఆమె చేతుల ఉన్న బీడీకి దారం చుట్టి పక్కకు పెట్టింది. "వస్తగని చూడ," అన్నది.

స్వామిదాసు ఆమె మొఖం దిక్కు చూసిండు. చూడనిదానికి వచ్చుడెందుకని ఆ చూపుకు అర్థం.

"అమ్మ వచ్చిందంటె దానికి ధైర్యం గదా. నేను కొంగు కప్పుకొని కూసుంట. నువ్వు చూసి నాకు చెప్పు. ఒక్కటి గూడ ఇడవకుంట చెప్పాలె."

స్వామిదాసుకు అన్ని మాటలు చెప్పుడుకన్న ఆ గొడుగేదో ఈపుకు కట్టి తననే దుంకుమన్నా నయముండు.

పొద్దున్నే బస్సెక్కిన్రు. హన్మవ్వ ఆధార్ కార్డు తీసి కండక్టరుకు చూపించి, "నాది ఫిరీ. ఈయనదే దండుగ, నోరు గూడ తేలేదు," అన్నది. బస్సుల నవ్విన్రు. లింగంపేట దాటినంక మక్క చేన్లు కనవడ్డయి. స్వామిదాసు కిటికీలకెల్లి చూసుకుంట పెదవులు కదిలిస్తున్నడు. "ఏందయ్యా, ప్రార్థనా?" అన్నది హన్మవ్వ. కాదు. మాటలు మర్లేసుకుంటున్నడు. తెల్ల కొంగ. మబ్బు. కరెంటు తీగె. ఏది కనవడితె దాన్ని ఎట్ల చెప్పాల్నో నోట్లనే కూడబలుక్కుంటున్నడు. కామారెడ్డిల బస్సు మారేటాళ్లకు ఆయన దవడలు నొస్తున్నయి.

పట్నంల పాత ఎయిరుపోర్టు మైదానమంత జనమే. బతుకమ్మ నాడు చెరువుగట్టు మీద గూడ అంతమంది ఉండరు. జట్టోళ్ల ఇంటోళ్లకని ముంగట తాడుకట్టి వేరే జాగ పెట్టిన్రు. ఎస్తేర్ పంపిన పాసు చూసి పోలీసాయన లోపలికి ఇడిసిండు. కుర్సీల కూసోంగనే హన్మవ్వ చీర కొంగు మొఖం మీదికి గుంజుకొని గదుమ కింద ముడేసుకున్నది.

పక్క కుర్సీల కృష్ణమోహన్ అని పట్నం సారు. మెడల దుర్బిని. ఆయన కొడుకు గూడ అదే జట్టుల ఉన్నడట. హన్మవ్వ దిక్కు చూసి గొంతు తగ్గించి అడిగిండు.

"పెద్దాయనా, అమ్మకు కండ్లు కనవడవా?"

స్వామిదాసు ఎట్ల చెప్పాల్నో తోచక, "ఊ," అన్నడు.

ఇగ అయిపాయె. ఒకామె నీళ్ల సీస తెచ్చి హన్మవ్వ చేతుల పెట్టింది. ఎనకాయన ఎండ తగలకుంట పేపరు అడ్డం పట్టిండు. "పాపం, కండ్లు లేకున్నా బిడ్డ కోసం వచ్చింది సూడు," అని గుసగుసలు. హన్మవ్వ కొంగు కింద నవ్వాపుకోలేక ఎక్కిళ్లు తెచ్చుకున్నది. ఏడుస్తున్నదనుకొని ఆ ఆడామె భుజం నిమిరింది.

ఇంతల మొదటి విమానం వచ్చింది. గోదాము మీది రేకులన్ని ఒక్కపారి లేపినట్టు చప్పుడు.

"ఏం వచ్చిందయ్యా?"

"విమానం."

"విమానాల పండుగకు విమానం గాక ఎడ్లబండి వస్తదా? ఎట్లున్నది?"

"పోయింది."

"అయ్యో నా రాత!"

చుట్టూతా నవ్విన్రు. కృష్ణమోహన్ సారుకు పాపమనిపించి, "అమ్మా, నేను చెప్త ఇను," అని ఆ విమానం పేరు, అది పుట్టిన దేశం, దాని ఇంజను, అన్ని అందుకున్నడు. హన్మవ్వ జరసేపు ఇన్నది.

"సారూ, నీకు దండం పెడత. నాకు మా ఆయన చెప్తెనే కనవడతది. మీరు చెప్పినదాంట్ల ఇనుము తప్ప ఏం కనవడతలేదు."

ఆ మాట స్వామిదాసుకు ఎక్కడ తాకిందో గని, కుర్సీల సర్దుకొని కూసున్నడు. ఆకాశంల తొమ్మిది చిన్న విమానాలు ఒక్కతీరుగ వస్తున్నయి, తోకల ఎంబడి తెల్ల పొగ.

"కొంగలు," అన్నడు. "మన చెరువు మీదికి పొద్దూకంగ వస్తయి సూడు, ఆ బారు లెక్క. ముంగట ఒకటి. తక్కినయి దాని రెక్కలకు కట్టినట్టు."

"ఆఁ, ఆఁ," అన్నది హన్మవ్వ. కొంగు కింద ఆమె వేళ్లు ఉత్తగనే బీడీ చుడుతున్నయి.

"దున్నుతున్నయి. ఆకాశాన్ని దున్నుతున్నయి. తెల్ల సాళ్లు. ఒక్క సాలు గూడ వంకరలేదు. ఇగో, మలుపు కాడికి వచ్చినయి. మన పాత ఎర్రెద్దు మలిగేది సూడు, అదిలియ్యకున్నా దాని అంతటదే? అట్ల మలిగినయి. ఆగు, ఒకటి ఇడిపోయింది. పైకి పోతున్నది. పోతున్నది. బోర్ల పడ్డది! మళ్ల ఎల్లెలకిల తిరిగింది! గద్ద కోడిపిల్ల మీదికి వచ్చినట్టు వస్తున్నది... లేచింది, లేచింది!"

ఎనక కుర్సీలోళ్లు ముంగటికి వంగి ఇంటున్నరు. ఒకాయన ఆకాశం దిక్కు చూసుడు మాని స్వామిదాసు నోరు దిక్కే చూస్తున్నడు. మైకులాయన ఏం చెప్తున్నడో ఆ నాలుగు వరుసలల్ల ఎవ్వలు ఇంటలేరు.

"ఇన్నేండ్లు ఈ మాటలన్ని యాడ దాసినవయ్యా?" అన్నది హన్మవ్వ.

అంతట్లనే పెద్ద విమానమొకటి నెమ్మదిగ వచ్చింది. మైకుల జట్టు పేరు చదివిన్రు. హన్మవ్వ చెయ్యి దేవులాడి స్వామిదాసు మణికట్టు పట్టుకున్నది.

"బిడ్డ దాని గొడుగు ఏ రంగు అని చెప్పింది?"

"పసుపు."

"చెప్పు."

"తలుపు తెరిసిన్రు. నల్ల నల్ల చుక్కలు రాలుతున్నయి, ఎరువు చల్లినట్టు. ఒక గొడుగు ఇచ్చుకున్నది. నీలం. ఇంకోటి. అది గూడ నీలమే. ఎరుపు. ఇంకో ఎరుపు."

"పసుపు?"

"ఆగు."

"ఎస్తేర్ బాపూ!"

"ఆగే... ఇచ్చుకున్నది! తంగేడు పువ్వు లెక్క ఇచ్చుకున్నది! అందరికన్న పైన!"

హన్మవ్వ ఊపిరి ఇడిసింది. మణికట్టు మాత్రం ఇడువలేదు. గొడుగులు మెల్లగ దిగుతున్నయి. పసుపు గొడుగు ఒక సుట్టు తిరిగి వీళ్ల దిక్కు మర్లింది. దాని కింద చిన్నగ ఎస్తేర్. అతికిన ఆ కాలు, ఈ కాలు రెండు దగ్గెరికి పెట్టుకున్నది. మొఖం ఇంక సరిగ కనవడది గని, తల తాడు కట్టిన ఈ జాగ దిక్కే తిరిగి ఉన్నది.

"ఇప్పుడేం జేస్తున్నది?"

స్వామిదాసుకు మాట రాలేదు. మాటలు లేక కాదు, శాన ఉన్నయి. ఒక్కటి గూడ సరిపోతలేదు. బస్సుల మర్లేసుకున్నయేవీ దీనికి అక్కరకు రావు.

"ఇది నాతోని కాదు," అన్నడు. "నువ్వు చూడు."

"చూడ. నా కండ్లు..."

"పోయినేడు నేను గూడ చూసిన గదే. రెప్ప కొట్టకుంట చూసిన. నావి కండ్లు కావా? నీయే ఎందుకు తగుల్తయి?" ఒక్క ఊపిరిల అన్నడు. తర్వాత మెల్లగ, "బిడ్డ మన దిక్కే చూస్తున్నది. నీ మొఖం మీద కొంగున్నది," అన్నడు.

ఇగ నోరు మూసుకున్నడు. ఆమె మణికట్టు గుంజి అడిగినా ఇప్పలేదు.

హన్మవ్వ వేళ్లు బీడీ చుట్టుడు ఆపినయి. ముడి కాడికి పోయినయి. ముడి ఇప్పి కొంగు ఎనకకు ఏసింది. ఎండకు ఒక్కపారి కండ్లు చిట్లించి, తలెత్తింది.

"అరే, కండ్లున్నయి!" అన్నడు కృష్ణమోహన్ సారు.

హన్మవ్వ ఇనలేదు. నోరు తెరిసి చూస్తున్నది. 'దేవదూత' అనే మాట ఆమె పెదవుల దాంక రావుడు స్వామిదాసుకు కనవడ్డది. ఆమె దాన్ని దిగమింగింది. ముక్కు మీద వేలేసుకొని, ఇంట్ల చిన్నపిల్లలకు దిష్టి తగులకుంట ముసలమ్మలు తిట్టినట్టు అందుకున్నది.

"ఇగో, కోతి మొఖంది! ఎంత నల్లవడ్డదో సూడు, బొగ్గు! తిండి పెడుతున్నరో లేదో, కట్టెపుల్ల తీర్గున్నది! కాళ్లు దగ్గెర పెట్టుకోవే, గాడిదా! దగ్గెర! ఆఁ, అట్ల! గడ్డి మీదికి రా, గడ్డి మీదికి, దిక్కుమాలినదానా!"

ఎస్తేర్ గడ్డి మీదికే వచ్చింది. రెండు కాళ్లు ఒక్కపారి ఆనినయి. నాలుగడుగులు ఉరికి నిలవడ్డది. పసుపు గొడుగు ఎనక కుప్పవడ్డది. టోపి తీసి చెయ్యి ఊపింది. తల్లి మొఖం మీద కొంగు లేకుంట నిలవడి తిడుతున్నది చూసి, రెండో చెయ్యి గూడ లేపింది.

"నిలవడ్డది," అన్నది హన్మవ్వ. తిట్లు ఆగినయి. కండ్లు తుడుసుకొని, ఆ తుడిసిన కండ్లతోనే మళ్ల చూసింది. "ఓ ఎస్తేర్ బాపూ, నిలవడ్డది!"

"ఊ," అన్నడు స్వామిదాసు.

కృష్ణమోహన్ సారు దుర్బిని తీసి ఆమె చేతుల పెట్టిండు. "ఇగ దీంతోని తిట్టమ్మా, ఇంక మంచిగ కనవడతది."

మర్లి వచ్చేటప్పుడు బస్సుల హన్మవ్వ కిటికీ పక్కకు కూసున్నది. మేడ్చల్ దాటకముందే మొదలుపెట్టింది: గొడుగు ఎట్ల తిరిగింది, కాళ్లు ఎట్ల పెట్టింది, గడ్డి మీద ఎన్నడుగులు ఉరికింది, టోపి ఏ చేత్తోని తీసింది. ఆయన అక్కడ లేనట్టే, పూసగుచ్చినట్టు చెప్పుకచ్చింది. కామారెడ్డిల బస్సు మారినంక మళ్ల మొదటికెల్లి చెప్పింది.

"వచ్చే ఏడు గూడ దుంకుతదట," అన్నది ఎల్లారెడ్డి లైట్లు కనవడంగ. "ముంగటి కుర్సీలల్లనే కూసుందాం. నువ్వేం చెప్పే పని లేదు. నేను చూసుకుంట."

"ఊ," అన్నడు స్వామిదాసు.