దిక్కులేని పిలుపు

పొగమంచుకు పచ్చిమట్టి వాసన.

ఈదిచె ఏటి ఒడ్డున అప్పుడే తవ్వి తీసిన మట్టి వాసన. చల్లగా, జిగటగా, ముక్కు లోపలికి వచ్చి కూర్చునే వాసన.

ఆర్జియా గుమ్మంలో నిలబడి చెయ్యి చాపింది. మోచేతి దాకా కనిపించింది. ఆపైన లేదు.

తన చెయ్యే తనకు కనిపించడం లేదు... ఇక కూతురు ఎక్కడ కనిపిస్తుంది?

ఇరీదె ఈరోజు వస్తోంది.

ఎండాకాలం మొదట్లో వెళ్ళిన పిల్ల. తమ బూద్రియో ఊరి ఆడవాళ్ళతో కలిసి, ఎక్కడో పడమటి వరి చేలల్లో కలుపు తీతకు రైలెక్కిన పిల్ల. వాళ్ళంతా తిరిగొచ్చారు — ఎండకు కమిలిపోయి, కూలి కింద ఇచ్చిన బియ్యం మూటలు మోసుకుంటూ, దారంతా పాడుకుంటూ. ఇరీదె రాలేదు. అక్కడే నేత మిల్లులో పని దొరికిందని కబురు చేసింది. బాగానే ఉన్నానని కూడా చెప్పమంది.

బాగానే ఉందట.

ఆ మాటను ఆర్జియా ఎన్నిసార్లు తిరగేసి చూసుకుందో. దాని అడుగున ఏదో దాచారేమోనని. చలిజ్వరమేమో. నీళ్ళలో పామేమో. మిల్లు చక్రంలో జడ చిక్కుకుందేమో...

ఏమీ లేదు. పిల్లకు అక్కడ ఊపిరి ఆడుతోంది. అంతే.

వెళ్ళే ముందు రోజు బట్టలు మడత పెట్టుకుంటూ అంది ఆ మాట. కోపంగా కూడా అనలేదు. కోపంగా అని ఉంటే మరిచిపోవచ్చు.

"నీ భయంలో నాకు ఊపిరాడటం లేదే అమ్మా."

నిజమే. పిల్ల కాలవ వైపు వెళితే భయం. జనుము నానబెట్టే మడుగు వైపు వెళితే భయం. సైకిలెక్కితే భయం. తుమ్మితే భయం. నిద్రలో కదలకుండా పడుకుంటే ముక్కు దగ్గర వేలు పెట్టి చూడటం — పెళ్ళీడుకొచ్చిన పిల్లకు.

ఆర్జియా ఏం చేస్తుంది? ఆమెకు భయం అలా వచ్చేది, చనుబాలు వచ్చినట్టు. పిల్ల ఏడవక ముందే.

ఇవాళ సాన్ మార్తీనో పండగ. పొయ్యి మీద చెస్ట్‌నట్ కాయలు చిటపటమంటున్నాయి. కొత్త ద్రాక్షసారా కూజాలో పోసి పెట్టింది. పండక్కి వస్తున్నాననీ, రెండు రోజులు ఉంటాననీ రొట్టెలమ్మే ఆవిడతో ఇరీదె కబురు పంపింది.

బస్సు పెద్ద రోడ్డు మీద దించుతుంది. అక్కణ్ణుంచి కాలవ గట్టు పట్టుకుని రావాలి. గట్టుకు కంచె లేదు. వారంగా వానలు. కాలవ నిండుగా ఉంది, చప్పుడు లేకుండా.

చప్పుడు లేని నీళ్ళే ఎక్కువ భయం ఆర్జియాకు.

బస్సు వచ్చే వేళ దాటింది. మధ్యాహ్నమే ఇంత తెల్లగా, ఇంత గుడ్డిగా ఉంది. ఆర్జియా గుమ్మంలోంచి అరిచింది. పేరు పెట్టి అరిచింది. అరిచి అరిచి గొంతు జీరబోయింది, తరవాత పోయింది. పిలుపు వాకిట్లోనే తడిసి కింద పడిపోయింది.

భర్త ఆదెల్మో లాంతరు వెలిగించాడు. ఎదురు వెళ్ళి తీసుకొస్తానన్నాడు. చెప్పులు బిగించుకుంటూ ఆమె మొహం చూశాడు.

"పొద్దుట్నుంచీ దాన్ని ఎన్నిసార్లు పాతిపెట్టావే? భోజనానికైనా బతికి రానీ."

ఆమె నవ్వలేదు. అతను మొక్కజొన్న సంకటి వండే రాగి గుండిగ దించి, గరిటె చేతికిచ్చాడు. కొడుతూ ఉండమన్నాడు. గుమ్మం వదిలి కదలొద్దన్నాడు. ఆ చప్పుడు పట్టుకుని తామిద్దరూ వచ్చేస్తామన్నాడు.

ఆమె కళ్ళు అప్పటికే గూటి వైపు వెళ్ళాయి. అతను చూశాడు.

గూట్లో ఒకరీనా ఉంది.

చేతిలో పట్టేంత మట్టి పిట్ట, ఊదితే పాడేది. తల లేని బాతు — అందుకే వాళ్ళ మాటలో దాన్ని బాతుపిల్ల అంటారు. ఆ ఊళ్ళో అది లేని ఇల్లు లేదు. మగవాళ్ళు ఏడుగురు కలిసి కూర్చుని వాయిస్తారు. అన్నిటికంటే చిన్నది పిడికిట్లో దాక్కుని కిచకిచమంటుంది. పెద్దది పాలు తాగే బిడ్డలా ఒళ్ళో పడుకుంటుంది. ఒకడి ఊపిరి అయిపోయిన చోట ఇంకొకడు అందుకుంటాడు... ఏడుగురికీ కలిపి ఒకటే పాట.

ఆదెల్మోది ఒళ్ళో పడుకునే పెద్దది. గూట్లో ఉన్నది ఇరీదెది. ఆడపిల్లను ఏడుగురిలో ఎవరు కూర్చోనిస్తారు? బాతులు కాస్తూ బీట్లో ఒక్కతే ఊదుకునేది. తనే ఒక చిన్న పాట కట్టుకుంది. పైకి మూడు మెట్లెక్కి, ఏదో మరిచిపోయినట్టు ఆగి, మళ్ళీ దిగి వచ్చే పాట. అది ఇంకెవరికీ రాదు.

"దాని జోలికి పోకు" అన్నాడు ఆదెల్మో. "మంచులో దానికి దిక్కుండదు."

అది ఊరందరికీ తెలిసిందే. గంట మోగితే ఎటు నుంచో తెలుస్తుంది. కుక్క మొరిగితే తెలుస్తుంది. బాతుపిల్ల పాట దాని ఒళ్ళులాగే గుండ్రంగా ఉంటుంది, మంచులో చుట్టూ ఒకేలా నిండిపోతుంది. ఒకసారి ఆదెల్మో వాళ్ళు పెళ్ళిలో వాయించి వస్తూ పొగమంచులో తప్పిపోయారు. ఒకళ్ళనొకళ్ళు పిలుచుకోవడానికి ఊదుకున్నారు. ఏడుగురూ శ్రుతి తప్పకుండా జవాబులిచ్చుకుంటూ మల్బరీ తోట చుట్టూ తిరుగుతూనే ఉన్నారు. మంచు విడిచాక చూస్తే, చిన్నది వాయించేవాడు నడుం లోతు గుంటలో నిలబడి ఇంకా ఊదుతున్నాడట. సారా కొట్లో ఇప్పటికీ నవ్వుకుంటారు.

ఆర్జియా ఆ కథకు ఎప్పుడూ నవ్వలేదు. ఆమెకు గుంట ఒక్కటే కనిపించేది.

అతను బయలుదేరాడు. లాంతరు మంచులో పచ్చటి మరకయింది. తరవాత మరక కూడా లేదు.

ఆమె గుండిగ కొట్టింది. కొట్టింది. కొట్టింది.

కాలవ అవతల ఇంకో గుండిగ అందుకుంది. ఎడమ పక్క ఇంకొకటి. వెనక బీట్లోంచి ఇంకొకటి. పండగ పూట ప్రతి ఇంటికీ ఎవరో ఒకరు రావాలి. ప్రతి గుమ్మంలోనూ ఎవరో ఒక ఆడమనిషి నిలబడి కొడుతోంది. అన్నీ రాగివే. అన్నీ సంకటి వండినవే.

ఇన్నిటిలో ఇరీదెకు తనది ఏది?

ఆర్జియా చెయ్యి ఆగిపోయింది.

గుండిగ ఎక్కడో చెబుతుంది. ఎవరో చెప్పదు.
బాతుపిల్ల ఎవరో చెబుతుంది. ఎక్కడో చెప్పదు.

గుండిగ పట్టుకుని పిల్ల పొరుగు ఇంటి వైపు తిరిగితే — మధ్యలో కాలవ. పాట పట్టుకుని తిరిగితే — చుట్టూ కాలవే. ఊదినా భయం. ఊదకపోయినా భయం. రెండు భయాల మధ్య ఆమె నిలబడింది... గుమ్మంలో నిలబడినట్టే.

చివరికి గూటి దగ్గరికి వెళ్ళింది.

మట్టి మంచుగడ్డలా ఉంది. చల్లటి మట్టి పలకదు. లోపల ఊపిరి చెమ్మగా మారి గొంతుకు అడ్డం పడుతుంది. ఆమె దాన్ని జాకెట్టులోకి దోపుకుంది, రొమ్ముల మధ్యకు. వసంతంలో పట్టుపురుగుల గుడ్లను చిన్న గుడ్డ సంచిలో కట్టి అక్కడే పొదిగేది. అవి కదిలేదాకా వంగడానికి కూడా భయపడేది. నెలలు నిండకుండా పుట్టిన ఇరీదెనూ ఆ చలికాలమంతా అక్కడే పెట్టుకుంది.

మట్టి మెల్లగా వేడెక్కింది.

ఎవరికీ తెలియని సంగతి ఒకటుంది. పిల్ల వెళ్ళిపోయాక, ఆదెల్మో పొలంలో ఉన్న వేళల్లో, ఆర్జియా దీన్ని తీసి ఊదుకునేది. ఏ కన్నం మూస్తే పిల్ల గొంతు వస్తుందో వెతుక్కునేది. ఎండాకాలమంతా వెతికింది. మూడు మెట్లూ దొరికాయి. ఆగే చోటు దొరికింది. ఆ ఆగే చోట ప్రతిసారీ ఏడుపొచ్చేది.

ఇప్పుడు పెదవులకు ఆనించింది.

ముందు గాలి. తరవాత వణుకు. గట్టిగా ఊదితే స్వరం కీచుమని పైకి పోతుంది. బెరుగ్గా ఊదితే జారిపోతుంది. బాతుపిల్ల దగ్గర ఏమీ దాచలేరు — ఊపిరి ఎలా ఉంటే పాట అలా ఉంటుంది. తన భయం తనకే వినిపించింది. గుండ్రంగా, మంచంతా నిండి.

ఇదా పిల్ల ఇన్నేళ్ళూ విన్నది?

ఆమె కాళ్ళు నేలకు నొక్కి పెట్టుకుంది. ఊపిరి తీసుకుంది. మూడు మెట్లు... ఆగింది... దిగింది. మళ్ళీ. ఇంకోసారి. స్వరం నిలబడింది.

పొరుగు గుండిగలు ఒక్కొక్కటే ఆగాయి. వింటున్నారేమో.

అప్పుడు మంచులోంచి గొంతు. సన్నగా, దూరంగా.

"అమ్మా... అది నువ్వా?"

ఆమె ఊదింది. జవాబుగా ఇంకేముంది ఆమె దగ్గర?

"నువ్వెప్పుడూ ఇంతేనే అమ్మా. అన్ని వైపుల్నించీ పిలుస్తావు." ఆ గొంతులో ఉన్నది నవ్వో, ఏడుపో. మంచు రెండింటినీ ఒకేలా తడిపేసింది. తరవాత, ఇంకా సన్నగా —

"ఒక్క వైపు నుంచి పిలవవే."

ఆర్జియా కాలు గుమ్మం దాటింది.

ఒంట్లో ఉన్న ప్రతి నరమూ పరిగెత్తమంది. గట్టు మీదికి, నీళ్ళలోకి, ఎటైనా. పదిహేడేళ్ళుగా అలాగే పరిగెత్తింది, పిల్ల చుట్టూ. ఇప్పుడు తను కదిలితే ఇల్లే కదులుతుంది. మంచులో పిల్లకు ఇల్లంటే ఈ చప్పుడొక్కటే.

కాలు వెనక్కి తీసుకుంది.

అది ఎంత బరువుగా వచ్చిందో.

బాతుపిల్లకు రెండు చేతులూ కావాలి. దాన్ని కింద పెట్టింది. గరిటె అందుకుని గుండిగను ఒక్క దెబ్బ కొట్టింది.

ఆగింది.

ఇంకొక్క దెబ్బ.

ఆగింది.

దెబ్బకూ దెబ్బకూ మధ్య ఖాళీ వదిలింది. పిల్ల చెవి తిప్పుకోవడానికి. పిల్ల అడుగు చూసుకోవడానికి. ఊపిరి తీసుకోవడానికి. ఆ ఖాళీని వదలడం ఆమెకు చేతకాదు... అయినా వదిలింది. ఒక్కొక్క ఖాళీలోనూ ఆమె మనసులో పిల్ల ఒకసారి మునిగి, ఒకసారి తేలింది.

కొట్టింది. ఆగింది.

ఎక్కడో తడి నేల మీద అడుగు. ఆదెల్మోదేమో. నీటి అంచున మట్టి పెళ్ళ విరిగిందేమో. ఇరీదెదేమో.

పిలవలేదు. అడగలేదు. పరిగెత్తలేదు.

కొట్టి, చెవి ఒగ్గి, నిలబడి ఉంది.

చాపిన చెయ్యి మోచేతి దాకా కనిపిస్తోంది. ఆపైన తెలుపు. పెదవుల మీద పచ్చిమట్టి వాసన...