మందు అయిపోయింది

మా అత్తగారు ఏసుకుమారి మా ఇంట్లో పదమూడు నెలలున్నారు. అన్ని నెలల్లోనూ తనకు కావాలని నన్ను నోరు తెరిచి అడిగింది ఒక్కటే. అది నాకు స్పష్టంగా వినపడింది కూడా.

రెండువేల ఇరవై జనవరిలో మన దేశం నుంచి జర్మనీకి మూడు నెలలకని వచ్చారు. విమానాలు ఆగిపోయాయి, ఆవిడ ఉండిపోయారు. ఆ మరుసటి జనవరిలో నా భార్య సూజీకి డ్రెస్డెన్‌లో ఉద్యోగం వచ్చింది. అక్కడ ఒంటి గది అద్దెకు తీసుకుంది. బ్యోబ్లింగెన్ దగ్గర పల్లెలో నేనూ అత్తగారూ మిగిలాం. అల్లుణ్ణి ఏదైనా అడగడం ఆవిడ లెక్కలో మర్యాద కాదు. వంటింట్లో ఉప్పు నిండుకుంటే ఆ కబురు ముందు డ్రెస్డెన్ వెళ్లి, అక్కడి నుంచి హాల్లో కూర్చున్న నాకు చేరేది.

కూర్చున్న అన్నానుగానీ, నేను కూర్చునే మనిషిని కాను. నా పని కార్ల ఇంజిన్లకు ఇంధనం, గాలి పాళ్లు కుదర్చడం. కరోనాతో ఆఫీసువాళ్లు వారానికి రెండు రోజుల పనే ఇచ్చారు. మిగతా అయిదు రోజులూ కాలుగాలిన పిల్లిలా తిరిగేవాణ్ణి. అందుకే ఎవరో ముసలాయన అమ్ముతున్న పాత అమెరికా పికప్ కొన్నాను. మా వీధిలో రెండు కార్ల చోటు అదొక్కటే తినేస్తుంది. దాని వెనక తలుపు మీద పెట్రోలుతోనైనా, ఇథనాల్‌తోనైనా నడుస్తుందని చెప్పే బిళ్ల ఒకటుంది. ఆ బిళ్ల చూశాక నాకు నిద్ర పట్టలేదు. ఎనభై అయిదు పాళ్లు ఇథనాల్ పోసి నడపాలి, అంతే.

జర్మనీ బంకుల్లో ఆ ఇంధనం అమ్మడం మానేసి ఏళ్లయింది. కొండల వైపు ఊళ్లో పండ్ల సారా కాచే రైతొకాయన శానిటైజర్ కోసమని డ్రమ్ములకొద్దీ స్పిరిట్ చేసి, అది అమ్ముడుపోక తల పట్టుకున్నాడని తెలిసింది. వెళ్లి క్యాన్లలో తెచ్చుకునేవాణ్ణి. మొదటిసారి నా చొక్కాకి ఆ వాసన తగిలినప్పుడు అత్తగారు నాతో ఏమీ అనలేదు. ప్రార్థన మాత్రం ఆ రోజు గంట ఎక్కువసేపు చేశారు. సాయంత్రం సూజీ ఫోన్ చేసి పడీపడీ నవ్వింది.

"టైటస్, నువ్వు మందు కొడుతున్నావని అమ్మ ఏడుస్తోంది. బండికి మందు అని చెప్పాను, అయినా డౌటే."

ఆ రోజు నుంచీ మా ఇంట్లో ఇథనాల్ పేరు మందు. నేను బయల్దేరుతుంటే అత్తగారు కూడా "బండి మందుకాండీ బాబూ?" అనేవారు. నాకు ముచ్చటగా ఉండేది. ఆవిడ రోజుకు రెండుసార్లు పొట్టలో పొడుచుకునే ఇన్సులిన్ కూడా మందే కదా అని నాకు తట్టలేదు.

ఫిబ్రవరిలో పెద్ద చలి వచ్చింది. పొద్దున్నే మైనస్ పధ్నాలుగు. చలికి ఇథనాల్ ఆవిరి కాదు, ఆవిరి కాకపోతే ఇంజిన్ అంటుకోదు. అందుకని చలికాలంలో సగం పెట్రోలు కలిపేవాణ్ణి. ఆ శనివారం పొద్దున బండి తాళాలు వెతుక్కుంటుంటే అత్తగారు వంటింటి గుమ్మంలో నిలబడ్డారు. చీర కొంగు వేలికి చుట్టుకుంటున్నారు.

"బాబూ, మందు అయిపోయిందండి."

"తెలుసు అత్తయ్యా. దానికే వెళ్తున్నా."

ఆవిడ ముఖం ఎంత తేటపడిందో నాకిప్పటికీ కళ్లకు కట్టినట్టుంది. దేవుడు మిమ్మల్ని చల్లగా చూడాలి బాబూ అన్నారు. బండి మందుకి ఇంత దీవెనా అని నవ్వుకుంటూ వెళ్లాను. సూజీ చెబితే గురువారం డాక్టరు రాసిచ్చిన అత్తగారి ఇన్సులిన్ రెసెప్ట్, అంటే మందుల చీటీ, అదే బండి సొరుగులో మడిచి ఉంది. ఇంకా వారానికి సరిపడా ఇన్సులిన్ ఉండి ఉంటుందని నాకు నేనే అనుకున్నాను. ఎవరినీ అడగలేదు.

దారిలో ఎండ బాగా కాసింది. మధ్యాహ్నం ఒంటిగంటకి అపొథేకేలు, అదే మందుల షాపులు, మూసేస్తుంటే నేను రైతు కొట్టంలో క్యాన్లు నింపుతున్నాను. మూడింటికి ఇంటికొచ్చి, ఎండ చూసుకుని పొంగిపోయి, పెట్రోలు కలపకుండా రెండు క్యాన్లూ ట్యాంకులో ఒంపేశాను. అత్తగారు కిటికీలోంచి చూశారు. నా చేతుల్లో ఖాళీ క్యాన్లు చూశారు. ఏమీ అడగలేదు.

ఆదివారం తొమ్మిదింటికి సూజీ వీడియో కాల్ చేసింది. వాళ్లమ్మ సోఫాలో వాలి, సీసాతో నీళ్లు తాగుతున్నారు.

"అమ్మా, అది ఎన్నో బాటిల్? టైటస్, షుగర్ చెక్ చెయ్, ఇప్పుడే."

నాలుగు వందల పన్నెండు వచ్చింది. ఇన్సులిన్ ఏదని సూజీ అరిచింది. అత్తగారు పెన్ను చూపించారు. అందులో చుక్క లేదు. చీటీ ఇంకా బండి సొరుగులోనే ఉంది.

"అంబులెన్స్‌కి, 112కి ఫోన్ చెయ్," అంది సూజీ.

"వద్దమ్మా," అన్నారు అత్తగారు. "ఆ వార్డులో ఒక్కదాన్నే పడుండలేను. వాళ్ల మాట ఒక్క ముక్క నాకు తెలవదు."

"సరే, వన్ అవర్. మందు పడకపోతే నేనే ఇక్కణ్ణుంచి అంబులెన్స్‌కి చేస్తా."

ఆ ఆదివారం తెరిచి ఉన్న అపొథేకే హెరెన్‌బెర్గ్‌లో ఉంది, పదిహేను కిలోమీటర్లు. మా పల్లెకు ఆదివారం బస్సు లేదు. ట్యాక్సీవాడు గంటన్నర అన్నాడు. కిందకి పరుగెత్తి తాళం తిప్పాను. ఇంజిన్ మూలిగింది తప్ప అంటుకోలేదు. మళ్లీ తిప్పాను, మళ్లీ మళ్లీ తిప్పాను. బ్యాటరీ నీరసపడుతోంది. ఆ ట్యాంకులో ఏ పాళ్లున్నాయో నాకు తెలుసు: నూటికి డెబ్బై తొమ్మిది ఇథనాల్. ఈ చలిలో అది అంటుకోదనీ తెలుసు. స్టీరింగు మీద గుద్దాను. నామీద నాకు పుట్టిన అసహ్యం అంతా ఇంతా కాదు.

బండి తలుపు తట్టిన చప్పుడైంది. అత్తగారు శాలువా కప్పుకుని, రైలింగు పట్టుకుని దిగొచ్చారు. చంకలో తన వేడినీళ్ల బ్యాగు, చేతిలో తువ్వాళ్లు.

"చలికి అంటుకోట్లేదాండీ?"

"ఆవిరి కావట్లేదు అత్తయ్యా. మీరు పైకెళ్లండి."

"మా పంపు స్టవ్వూ అంతేనండి. ముందు బర్నరుకి వేడి తగలాలి, అప్పుడుగానీ కిరసనాయిలు ఆవిరి కాదు. దీనికి వేడి ఎక్కడ తగలాలో చెప్పండి."

పదేళ్లుగా ఇంజిన్లతో జీతం తీసుకుంటున్న నేను ఒక్క క్షణం నోరెళ్లబెట్టాను. తర్వాత బానెట్ ఎత్తాను. పైకి కిందకి మూడుసార్లు పరుగెత్తి కెటిల్‌తో నీళ్లు కాచి తెచ్చాను. వేడి తువ్వాళ్లు పిండి, ఇంధనం వెళ్లే గొట్టం మీదా గాలి పోయే డబ్బా మీదా కప్పాం. ఆవిడ తన బ్యాగు కూడా దాని మీద పెట్టి, రెండు చేతులతో నొక్కి నిలబడ్డారు. పైన కిటికీ అంచున ఆనించిన ఫోన్లోంచి సూజీ "నలభై నిమిషాలు", "ముప్పై అయిదు" అని చెబుతూనే ఉంది.

నాలుగోసారికి ఇంజిన్ దగ్గి, ఆగి, మళ్లీ దగ్గి నిలబడింది. ఆవిణ్ణి ఎక్కించుకుని బయల్దేరాను. దారంతా ఆవిడ కళ్లు మూసుకునే ఉన్నారు. ప్రతి మలుపులోనూ తిరిగి చూశాను.

హెరెన్‌బెర్గ్ అపొథేకే తలుపు మూసి ఉంది, గంట కొడితే చిన్న కిటికీ తెరిచారు. మాస్కు వెనక నుంచి ఒకావిడ నా చీటీ తీసుకుంది. లోపలికి వెళ్లబోతూ ఆగి, అడిగింది: పేషెంట్ రోజుకు ఎన్ని యూనిట్లు తీసుకుంటారు, ఆఖరి ఇంజెక్షన్ ఎప్పుడు?

నాకు తెలియదు. ట్యాంకులో పాళ్లు చెప్పమంటే చెప్పగలిగేవాణ్ణి. ఒక్క నిమిషం అని బండి దగ్గరికి వెళ్లాను. అత్తగారు అద్దం దించారు.

"పొద్దున పదహారు, రాత్రి పదండి," అన్నారు. "మంగళవారం నుంచి ఎనిమిది, అయిదు. సాగదీద్దామని. ఆఖరుది శుక్రవారం రాత్రి."

అదే వెళ్లి చెప్పాను. మందు తెచ్చాను. ఆవిడ బండిలోనే పొడుచుకున్నారు. రెండు గంటల్లో షుగర్ దిగకపోతే వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లమని కిటికీలోంచి మందుల షాపావిడ గట్టిగా చెప్పింది. నేను ఇంజిన్ ఆపలేదు, మళ్లీ అంటుకోదేమోనని. పొగ గొట్టంలోంచి తియ్యటి సారా వాసన వస్తోంది. ఇన్నాళ్లూ ముక్కుకి ఎంతో ఇష్టమైన ఆ వాసన లోపలికి రాకుండా అద్దం ఎత్తేశాను.

"మంగళవారం నుంచి సగమే తీసుకుంటున్నారు. నాకెందుకు చెప్పలేదు అత్తయ్యా?" అన్నాను. నా గొంతు నాకే కోపంగా వినపడింది.

ఆవిడ పెన్ను మూత జాగ్రత్తగా బిగించి, సంచిలో పెట్టుకున్నారు.

"నిన్న చెప్పాను కదండీ బాబూ. మీరు తెలుసన్నారు."