ఎర్రమన్ను పూసిన అనుములు

అటక మీది కుండలో అనుములకు ఎర్రమన్ను అంటుకుని ఉంటే, అంగడివాడు కడగకుండా అమ్మాడనుకుంది నేత్రావతి. మాలూరు ఇటుక బట్టీల పక్కన పుట్టి పెరిగిన పిల్లకు మన్ను కొత్తా? నాలుగు నీళ్లు పోసి కడిగి, రాత్రంతా నానబెట్టి, పొట్టు పిదికి, పితికిపప్పు పులుసు చేసింది.

"అంగడి అనుములకు ఇంత వాసనేందమ్మీ!" అంటూ అత్త అక్కయమ్మ రాగిముద్దలోకి రెండుసార్లు వేయించుకుంది. కామసముద్రంలో ఆమె ఒకరి వంటను మెచ్చుకోవడం వానకన్నా అరుదు.

మర్నాడు వానా వచ్చింది. రాగి సాళ్ల మధ్య అనుములు వేయడానికి అక్కయమ్మ కుండ మూత తీసింది.

"అమ్మీ, ఈడ విత్తనాలు ఉండాల. యాడ?"

"నిన్న తింటిమి కదత్తా," అంది నేత్రావతి.

అక్కయమ్మ పీట మీద కూలబడింది. పురుగు పట్టకుండా తానే మన్ను పూసి ఎండబెట్టిన విత్తనం. రాగులు ఎండిపోయిన ఏడు కూడా మంచుకే పూసి, రెండు నెలలు కాసి, ఇంటిల్లిపాదికీ కూడు పెట్టిన పాతరకం. అంగట్లో దొరికేది ఒక్క కాపు కాసి చేతులు దులుపుకుంటుంది.

"నేనూ తింటినే," అంది చివరికి. "రెండు తూర్లు."

"ఇంగెవరి దగ్గరా లేవా అత్తా?"

"మూడేండ్ల కింద పక్కచేను మారమ్మకు ఈ విత్తనమే ఇచ్చినా. ఇచ్చిన మర్నాడే దాని ఆవు మన చేలో పడి మేసింది. అప్పట్నించీ మాటల్లేవు. నేను పోను."

నేత్రావతి పోయింది. వట్టి చేతులతో కాదు, మిగిలిన పులుసు గిన్నెతో.

మారమ్మ వేలితో నాకి, కళ్లు చిన్నవి చేసింది. "ఇవి మాయింటి అనుముల మాదిరే ఉండాయే!"

"అవే పెద్దమ్మా. విత్తనాలని తెలీక వండేసినా."

"మీ అత్తా తినిందా?"

"మెచ్చుకుని మరీ తినింది."

మారమ్మ కడుపు పట్టుకుని నవ్వింది. మూడేళ్ల కసి ఆ నవ్వుతోనే సగం పోయినట్టుంది. లోపలికి వెళ్లి ఎర్రమన్ను పూసిన అనుములు చేటెడు తెచ్చింది.

"వీటిని కడగొద్దు తల్లీ."

ఇంట్లో అక్కయమ్మ వాటిని అరచేతిలో తిప్పి చూసింది. "సన్నంగా ఉండాయి. దానికి గింజ ఏరేదే రాదు," అంటూనే, నేల తడి ఆరకముందే కోడలితో చేనుదారి పట్టింది.

"కాపు వచ్చినాక విత్తనం మూడిండ్లలో పెట్టాల," అంది నడుస్తూ. "మనింట్లో, మారమ్మింట్లో, మాలూర్లో మీ అమ్మింట్లో."

"మా అమ్మా కడిగి వండేస్తే అత్తా?"

"అందుకే కదే, మూడిండ్లు అన్నా."