గంగక్క ఇంటి తువ్వాయి స్విచ్చి

మనవరాలు ప్రమీల అన్నది "టూ వే స్విచ్" అని. గంగక్క చెవికి చేరింది "తువ్వాయి స్విచ్" అని.

"తువ్వాయికి స్విచ్చేందే? నొక్కనీకి దానికి చేతులున్నయా?" అన్నది గంగక్క, కొట్టంలో కట్టేసిన ఎర్ర దూడను ఎగాదిగా చూస్తూ.

"తువ్వాయి కాదవ్వా, టూ వే. బల్బు ఒక్కటే, స్విచ్చులు రెండు. గుమ్మం కాడ ఏసి కొట్టంల ఆర్పొచ్చు. కొట్టంల ఏసి గుమ్మం కాడ ఆర్పొచ్చు."

"అవ్, సమజైంది. కొట్టంలది తువ్వాయిది."

సాయంత్రానికల్లా ఇప్పలగూడెం అంతా పాకింది వార్త, సర్కారు దూడలకు స్విచ్చులిస్తోందని. పక్కింటి పోతయ్య పనిగట్టుకుని వచ్చాడు. "నా బర్రెకు గూడ ఒకటి రాయించు బిడ్డా. తువ్వాయి కంటే పెద్దది గదా, జర పెద్ద స్విచ్చే ఇయ్యమను."

ప్రమీల నవ్వి నవ్వి నిచ్చెన దిగి కూర్చుంది. నవ్వు ఆగాక మళ్ళీ గుబులు మొదలైంది. రేపే పరీక్ష.

బూర్గంపాడు దగ్గరి ఒకేషనల్ కాలేజీలో, ఎలక్ట్రీషియన్ బ్యాచ్‌లో పద్దెనిమిది మంది అబ్బాయిల మధ్య ఆమె ఒక్కతే అమ్మాయి. వైరుతో ఆమెకు ఏ వైరమూ లేదు. కానీ నిరుడు ప్రాక్టికల్ రోజున ఫ్యూజు ఎగిరింది, దాంతోపాటు పాసూ ఎగిరింది. ఈసారి నిజమైన ఇంట్లో వైరింగ్ చేసి చూపించాలన్నారు. తన చేతికి దొరికిన నిజమైన ఇల్లు నాయనమ్మదే. ఖమ్మం నుంచి పరీక్షాధికారి స్వయంగా వచ్చి చూస్తాడు. గట్టెక్కితే మిల్లులో అప్రెంటిస్. తప్పితే మళ్ళీ మిరపతోట. మిరపకాయలు కోసే చేతికి వైరు కోసే ఉద్యోగం రావాలంటే, రేపు ఆ బల్బు వెలగాలి.

పరీక్షాధికారి వెంకటరామారావుగారు మర్నాడు మిట్టమధ్యాహ్నం జీపు దిగారు. మనిషి సన్నం, ఎర్రకలం లావు. ప్రమీల నాయనమ్మను బతిమాలింది. "అవ్వా, సారు పోయేదాంక కొట్టంలనే ఉండు. నడుమ మాట్లాడకు."

"నేనెందుకు మాట్లాడుత? నా తువ్వాయి కాడ నేనుంట," అని గంగక్క వెళ్ళిపోయింది.

తాటాకు చూరు కింద అరుగు మీద పగలు కూడా మసకే. రావుగారు కేసింగ్ తట్టి చూశారు, ఎర్తు తీగ లాగి చూశారు, తల ఊపారు. గుమ్మం దగ్గర స్విచ్ నొక్కారు. బల్బు భళ్ళున వెలిగింది. ప్రమీల ముఖమూ వెలిగింది.

ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టేలోపు బల్బు ఆరింది. ముఖమూ ఆరింది.

"కరెంటు పోయిందేమో అమ్మాయ్," అన్నారు రావుగారు.

ప్రమీల టెస్టర్ పెట్టింది. టెస్టర్‌లో ఎర్రటి చుక్క నిక్షేపంగా వెలిగింది. రావుగారు మళ్ళీ నొక్కారు. వెలిగింది, ఆరింది. మళ్ళీ నొక్కారు. మళ్ళీ అంతే.

"లూజు కాంటాక్టు," అంటూ ఆయన కలం మూత తీశారు.

"లేదు సార్. నిన్న రాత్రి గంటసేపు వెలిగింది సార్. ఒక్కసారి హోల్డర్ చూస్త సార్." ప్రమీల మెయిన్ ఆపి, ఎక్కి, విప్పి, బిగించి, దిగి, మెయిన్ వేసింది. అన్నీ గట్టిగానే ఉన్నాయి, ఆమె గుండె తప్ప. రావుగారు నొక్కారు. వెలిగింది. ఆరింది.

ఎర్రకలం కాగితం మీదికి వంగుతుండగా వీధిలో డోలు చప్పుడు వినిపించింది. ముందు పోతయ్య మెడలో డోలుతో, వెనక పొరుగింటి భీమక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, ఆ వెనక ఓ పది మంది. పోతయ్య అరుగు ముందు ఆగి, తలగుడ్డ తీసి, మెల్లగా అడిగాడు.

"ఎప్పుడు పోయింది సారూ?"

"ఇప్పుడే," అన్నారు రావుగారు చిరాగ్గా.

భీమక్క ఏడుపు రాగం అందుకుంది.

"ఏడుపెందుకమ్మా, మళ్ళీ వస్తుంది," అన్నారు రావుగారు. " ఇందాకట్నుంచీ నాలుగుసార్లు పోయింది, మూడుసార్లు వచ్చింది."

భీమక్క రాగం సగంలో తెగింది. పోతయ్య రెండడుగులు వెనక్కి వేశాడు. "మూడుసార్లు వచ్చిందా? లేచి కూసున్నదా సారూ?"

"ఎవరు?"

"గంగక్క."

అప్పుడు కొట్టం వైపు నుంచి పేడచేతులతో గంగక్క నడిచి వచ్చింది. గుంపు మొత్తం రెండుగా చీలి దారి ఇచ్చింది.

"ఏందిరా పోతిగా, నా ముందటనే నాకు డోలు కొడుతున్నవ్?"

"పట్టపగలు నీ అరుగు మీద దీపం కనబడ్డది గదక్కా. పగలు దీపం పెట్టేది పీనుగ తలకాడనే గదా. నువ్వే పోయినవనుకున్న."

"మంచిగనే అనుకున్నవ్. గీ సారు గూడ గట్లనే అనుకున్నడు గావచ్చు. పొద్దు నెత్తిమీదుంటే దీపం పెట్టుడు, నేను కొట్టంల నుంచి చూసుడు. బతికున్న నాకు దీపమేందని తువ్వాయి స్విచ్చి నొక్కిన. ఆయన మళ్ళ పెట్టిండు. నేను మళ్ళ ఆర్పిన. చుట్టమాయె, మాట్లాడొద్దని పిల్ల చెప్పె. ఊకె నొక్కుకుంటనే ఉన్న."

ప్రమీల నెత్తి మీద చెయ్యి పెట్టుకుంది. ఎలక్ట్రీషియన్ పుస్తకంలో పగటి దీపం పాఠం లేదు. ఇంట్లో ఉన్న పాఠం తనే మరిచింది.

రావుగారు కలంతో కొట్టం వైపు చూపించారు. "అంటే, నేను ఇక్కడ వేసిన ప్రతిసారీ ఈవిడ అక్కడ ఆర్పారా?"

"అవ్ సార్."

"నేను మళ్ళీ వేస్తే మళ్ళీ వెలిగిందా?"

"అవ్ సార్."

"మరి టూ వే అంటే అదే కదమ్మా. రెండో చివర నేను ఇంకా చూడాల్సి ఉంది, ఈవిడ చూసేశారు." ఆయన మొదట ముక్కుతో నవ్వారు, తరువాత పొట్టతో, చివరకు పోతయ్య డోలు మీద ఆనుకుని నవ్వారు. "నాలుగుసార్లూ తప్పలేదు. మా ల్యాబులో ఇంత టెస్టింగ్ జరగదు." మార్కుల గడిలో నలభైకి ముప్పై ఎనిమిది వేసి, కాగితం ప్రమీలకు చూపించారు. ఆమె రెండుసార్లు చదివి, నాయనమ్మను పేడచేతులతో సహా వాటేసుకుంది.

"మరి నా బర్రె స్విచ్చి?" అన్నాడు పోతయ్య.

ప్రమీల అందరినీ అరుగు ముందు కూర్చోబెట్టింది. దూడకు స్విచ్చి లేదనీ, అది టూ వే అనీ, ఒకే దీపానికి రెండు చివర్లనీ చెప్పింది. భీమక్కను గుమ్మం దగ్గర, పోతయ్యను కొట్టంలో నిలబెట్టి నొక్కించింది. వెలిగించి ఆర్పి, ఆర్పి వెలిగించి, గూడెమంతా పక్కలు పట్టుకుని నవ్వింది.

"గిప్పుడు సమజైంది," అన్నది గంగక్క. "ఇగ చాలు, ఆర్పుండ్రి. నేను బతికే ఉన్న."

జీపెక్కబోతున్న రావుగారు వెనక్కి వచ్చి, తనే స్విచ్ ఆపి వెళ్ళారు.