రెండు సీసాల మసి

గుంటూరు మిర్చి యార్డుకు వెళ్ళే రోడ్డులో ఉన్న ఆ ఇంట్లో రోజుకోసారైనా బల్బులు మసకబారేవి. వెంకటేశ్వరమ్మ కొత్త చీర కట్టినా, ఆవిడ పెట్టిన పచ్చడిని ఎవరైనా మెచ్చుకున్నా, తోడికోడలు కనకలక్ష్మికి కడుపు మండేది. కనకలక్ష్మికి కడుపు మండితే ఇంట్లో వెలుగు తగ్గేది. అంతే. కరెంటు పనిచేసే ప్రేమదాసు ఓసారి వచ్చి, "వైరింగు బాగానే ఉందండీ. ఇది పెద్దమ్మగారి వల్లే," అని టీ తాగి వెళ్ళాడు.

రెండువేల ఎనిమిది నాటికి కనకలక్ష్మికి మతిమరుపు మొదలైంది. తాళాలు, మాత్రలు, మనుషుల పేర్లు జారిపోయేవి. కుళ్ళు మాత్రం చెక్కుచెదరలేదు.

ఆ ఏడే వెంకటేశ్వరమ్మ కూతురు రచన ఎమ్మెస్సీ ప్రాజెక్టు మొదలుపెట్టింది. తల్లి నువ్వులనూనె దీపం మీద, పెద్దమ్మ ఆముదం దీపం మీద ఇత్తడి పళ్ళెం బోర్లించి, కాటుకకు పట్టినట్టే మసి పట్టి ఇచ్చారు. ఆ మసిని కాలేజీలో నైట్రిక్ యాసిడ్‌లో పన్నెండు గంటలు మరిగించి, కడిగి, వడకట్టి, కంటికి ఆనని కర్బన రేణువులున్న నీళ్ళను రెండు సీసాల్లో తెచ్చింది రచన. వాళ్ళ మిర్చి కొట్టులోంచి దొంగనోట్లు పట్టే నీలిదీపం ఇంటికి తెచ్చి, దాని కింద పెడితే రెండూ ఒకేలా ఆకుపచ్చగా వెలిగాయి. ఏ నూనె మసి ఎక్కువ వెలుగుతుందో మర్నాడు పదకొండింటికి యూనివర్సిటీలో మెషీను తేల్చాలి.

సీసాల మీద చీటీలు చదివింది కనకలక్ష్మి. 'ఒకటి: అమ్మ. రెండు: పెద్దమ్మ.'

"కాటుక పట్టడం వాళ్ళమ్మకు నేర్పిందే నేను. నేను రెండా?" అని గొణుక్కుంది.

తెల్లారి రచన బస్సుకు బయల్దేరుతుంటే కనకలక్ష్మి వచ్చి ఎదురుగా నిలబడింది. "చీటీలు మార్చానే. మళ్ళీ భయమేసి తిప్పి పెట్టాననుకుంటా. పెట్టానో లేదో గుర్తులేదు."

రచన సంచీలోంచి సీసాలు బయటికి తీసింది. "సోమవారం రిపోర్టు ఇవ్వాలి పెద్దమ్మా! మళ్ళీ చెయ్యాలంటే రెండు వారాలు. సంవత్సరం పోతుంది!"

వెంకటేశ్వరమ్మ వంటింట్లోంచి వచ్చింది. "ఇంత వయసొచ్చినా ఆ బుద్ధి పోనిచ్చావు కాదు కదక్కా!"

"నీకు మాత్రం తగ్గిందా ఆ టెక్కు?"

బల్బు మసకబారింది. రచన దానికేసి చూసి, గబగబా తలుపులు మూసి, సీసాలు రెండూ నీలిదీపం కింద పెట్టింది.

"కుళ్ళుకో పెద్దమ్మా."

"ఏంటే?"

"అమ్మ మసిని చూసి. గట్టిగా."

కనకలక్ష్మి కళ్ళు మూసుకుంది. కాపురానికొచ్చిన కొత్తలో వెంకటేశ్వరమ్మ నడుం దాటిన జడ, మామగారు అడిగి మరీ వేయించుకున్న గోంగూర, చివరికి తన కడుపున పుట్టని ఈ పిల్ల. ముప్ఫై ఏళ్ళలో ఒక్కటీ జారిపోలేదు. ఎడమ సీసా కొండెక్కే దీపంలా సన్నగిల్లింది. దాని మీద మాత్రం 'రెండు: పెద్దమ్మ' అని ఉంది.

రచన చీటీలు మార్చి అంటించుకుని బస్సుకు పరుగెత్తింది. ప్రాజెక్టు గట్టెక్కింది. ఆముదం మసే ఎక్కువ వెలిగిందట. ఆ సంగతి కనకలక్ష్మి రెండు రోజుల్లో మర్చిపోయింది.

రెండేళ్ళు తిరిగేసరికి రచన పేరు కూడా మర్చిపోయింది.

ఇప్పుడు రోజూ సాయంత్రం వెంకటేశ్వరమ్మ పెట్టెలోంచి మంచి చీర తీసి కట్టుకుని, తల్లో పూలు పెట్టుకుని, అక్క ఎదురుగా వచ్చి నిలబడుతుంది. తలెత్తి బల్బుకేసి చూస్తుంది. అది మసకబారాక, "ఉన్నావులే అక్కా," అని పక్కన కూర్చుని అన్నం కలుపుతుంది.